సీసాలో ఎండ: నా ఎనిమిది నెలల ప్రాజెక్టు అనుభవం

2025 ఆగస్టు 4, సోమవారం నాడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం ప్రాజెక్టులను పంచుతున్నప్పుడు, మిగిలినవాళ్లందరూ మందుల అణువుల వైపు మొగ్గు చూపితే, నేను మాత్రం ఎండలోని శక్తిని అణువుల్లో దాచి, కావలసినప్పుడు వేడిగా తీసుకునే పద్ధతి మీద పని చేస్తానని అడిగాను. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఐదింటికి లేచి కట్టెల పొయ్యి మీద కాగుతో నీళ్లు కాగబెట్టే మా నానమ్మకు ఇప్పుడు 74 ఏళ్లు. పగలంతా వాకిట్లో విరగకాసే ఎండ, తెల్లవారి స్నానం వేళకు ఎందుకూ కొరగాకుండా పోతుందన్న బాధ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. సోలార్ హీటరు ట్యాంకులో దాచిన వేడి రాత్రంతా కొంచెం కొంచెంగా కారిపోతుంది. అణువుల్లో దాచిన శక్తి అలా కాదు, అది దాగి ఉన్నంతసేపూ చల్లగానే ఉంటుంది, కాబట్టి చలికి పోగొట్టుకునేదేమీ ఉండదు. ఈ ఒక్క సంగతే నన్ను ఇందులోకి లాగింది.

నిజానికి నేను మొదట అడిగిన అణువు వేరు. స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో కాస్పర్ మోత్ పౌల్సెన్ బృందం నార్బోర్నడయీన్ అణువును వెలుతురుతో, శక్తిని దాచుకునే క్వాడ్రిసైక్లేన్‌గా మార్చి, ఆ ద్రావణాన్ని కోబాల్ట్ ఉత్ప్రేరకం గుండా పోనిస్తే ఉష్ణోగ్రత 63 డిగ్రీలు పెరిగిందని 2019లో ప్రచురించింది. ఆ సంఖ్య చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కానీ నా ప్రాజెక్టు గైడ్ మేడమ్ ఓపికగా కూర్చోబెట్టి ఆ దారిలో ఉన్న కష్టాలు చెప్పారు. అసలు నార్బోర్నడయీన్ నేల మీదికి చేరే ఎండను పీల్చుకోలేదు, దానికి 300 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలు కావాలి. ఎండను పీల్చేలా మార్చాలంటే అణువుకు రెండు పక్కలా వేరే గుంపులు తగిలించాలి, అందుకు కావలసిన ముడిసరుకు మా డిపార్ట్‌మెంట్ కొనగలిగేది కాదు. ఇక ఈ అణువు తయారీకి కావలసిన సైక్లోపెంటడయీన్ కోసం, దాని జంట రూపమైన డైసైక్లోపెంటడయీన్‌ను ఎప్పటికప్పుడు 170 డిగ్రీల దగ్గర విడగొట్టి, మంచులో పట్టుకుని, గంటల్లో వాడేయాలి, దాని ఘాటును మా పాత ఫ్యూమ్‌హుడ్ లాగలేదు. చివరికి అజోబెంజీన్ కుటుంబానికి చెందిన అణువు ఖాయమైంది. అతినీలలోహిత కాంతి తగిలితే అది నిటారు రూపం నుంచి వంగిన రూపానికి మారి, మోలుకు సుమారు 50 కిలోజౌళ్ల శక్తిని తనలో పట్టి ఉంచుతుంది, నీలి కాంతి గానీ వేడి గానీ తగిలితే తిరిగి నిటారుగా మారుతూ ఆ శక్తిని వేడిగా వదులుతుంది. ఒక చివర ఆరు కార్బన్ల గొలుసు తగిలిస్తే, వంగిన రూపం గది ఉష్ణోగ్రత దగ్గరే ద్రవంగా ఉండవచ్చని, అప్పుడు గడ్డకట్టేటప్పుడు వచ్చే వేడి కూడా కలిసి వస్తుందని మేడమ్ ఆశ చూపారు.

ముడిసరుకులో అనిలీన్, ఫినాల్, సోడియం నైట్రైట్ మా స్టోర్సులోనే దొరికాయి. ఆరు కార్బన్ల గొలుసును ఇచ్చే బ్రోమోహెక్సేన్ మాత్రం ఆగస్టు 11న ఆర్డరు పెడితే సెప్టెంబరు 9కి వచ్చింది, నాలుగు వారాల పైమాట. ఎవరైనా ఈ దారిలో దిగేవారుంటే, అంశం ఖాయమైన రోజే ఆర్డరు పెట్టించుకోండి. నేను వారం ఆలస్యం చేసినందుకు ఆ వారం నాకు చివరిదాకా తక్కువ పడుతూనే ఉంది.

ఆగస్టు 18న మొదటి రియాక్షన్ పెట్టాను. అనిలీన్‌ను ఆమ్లంలో కలిపి, 5 డిగ్రీలు దాటనీయకుండా నైట్రైట్ ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వేయాలి. డిపార్ట్‌మెంట్ ఐసు మెషీను ఆ రోజు పని చేయలేదు. ఉన్న కాస్త ఐసుతో మొదలుపెట్టడం నా తొందరపాటే. సగం వేసేసరికి థర్మామీటరు 12 డిగ్రీలు చూపించింది, ఫ్లాస్కులో సన్నగా బుడగలు లేచాయి, పది నిమిషాల్లో లేత రంగు ద్రావణం తారులాగా నల్లబడింది. ఆ బుడగలు నైట్రోజన్, అంటే నాకు కావలసిన నైట్రోజన్ జంట నా కళ్ల ముందే గాలిలో కలిసిపోతోందని అర్థం. రెండు రోజుల తర్వాత, గేటు బయట చెరకు రసం బండి అన్న దగ్గర 60 రూపాయలకు రెండు పెద్ద ఐసు గడ్డలు తెచ్చి, ఉప్పు కలిపి, మళ్లీ పెట్టాను. ఈసారి మైనస్ 2కి, ప్లస్ 3కి మధ్యనే నిలిచింది. ఆ ద్రావణాన్ని క్షారంలో కరిగించిన ఫినాల్‌లోకి పోస్తుండగా ముద్ద పసుపు లాంటి నారింజ రంగు ఒక్కసారిగా బీకరంతా పరుచుకుంది. ఆ రంగును నేను ఎన్నటికీ మరచిపోలేను. శుద్ధి చేశాక 7 గ్రాములు దక్కింది. గ్లవ్స్‌కు ఎక్కడో చిన్న చిల్లు పడినట్టుంది, వినాయక చవితి నాటికి కూడా నా కుడిచేతి బొటనవేలు పసుపుగానే ఉంది. అనిలీన్ చర్మం గుండా ఒంట్లోకి పోయే విషం కాబట్టి, ఆ తర్వాత ఎప్పుడూ రెండు జతల గ్లవ్స్ లేకుండా ఆ సీసా ముట్టలేదు.

సెప్టెంబరు 10న రెండో రియాక్షన్, అంటే గొలుసు తగిలించే పని, అసిటోన్‌లో పొటాషియం కార్బొనేట్‌తో మొదలై, 30 గంటల మరుగు తర్వాత అయిపోయింది. అయిపోయిందని అనుకున్నానే గానీ, టీఎల్‌సీ ప్లేటు (మిశ్రమంలోని పదార్థాలను వేర్వేరు చుక్కలుగా విడదీసి చూపే పలక) మీద రెండు నారింజ చుక్కలు కనిపించాయి. ఒకటి పైన పెద్దది, ఒకటి కింద చిన్నది. కిందిది మలినం అనుకుని, దాన్ని వేరు చేయడానికి కాలమ్ వేశాను, అంటే సిలికా నింపిన గొట్టం గుండా ద్రావణాన్ని పోనిచ్చాను. పైచుక్క ఒక్కటే ఉన్న భాగాలను ఏరి, ద్రావణిని తీసేసి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, మధ్యాహ్నం మళ్లీ ప్లేటు వేస్తే మళ్లీ రెండు చుక్కలు. రెండోసారి కాలమ్, మళ్లీ రెండు చుక్కలు. ఒక్కో కాలమ్‌కు సిలికా, హెక్సేన్, నా వీపు నొప్పి అన్నీ కలిపి ఒక రోజున్నర. బతుకమ్మ సెలవులకు హాస్టలంతా ఖాళీ అయినా నేను ఇంటికి వెళ్లకుండా మూడో కాలమ్ వేశాను. అమ్మ ఫోనులో సద్దుల బతుకమ్మ పాటలు వినిపిస్తుంటే, నేను ల్యాబులో ఒంటరిగా ఆ రెండో చుక్కను చూస్తూ ఏడ్చాను. ప్రతి కాలమ్‌తోనూ పదార్థం తగ్గుతోంది గానీ చుక్క మాత్రం పోవడం లేదు.

అక్టోబరు 6న సెలవులు ముగిశాక, పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్ అక్క నా ప్లేట్లన్నీ చూసి, "నీ దగ్గరున్నది ఒకే అణువు, ట్యూబులైటు దాన్ని రెండు చేస్తోంది" అంది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. సీసాకు ఫాయిల్ చుట్టి, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో ఉంచి, పొద్దున లైట్లు ఆర్పేసి ప్లేటు వేయించింది. ఒకే చుక్క. అదే ప్లేటుకు మరో చుక్క పెట్టి, కిటికీ దగ్గర పది నిమిషాలు ఉంచి ద్రావణిలో నిలబెడితే రెండు చుక్కలు. మూడు వారాలుగా నేను పారబోయాలని చూస్తున్న ఆ కింది చుక్కే, నేను ఎనిమిది నెలలు వెతకవలసిన, వంగిన, శక్తిని దాచుకున్న రూపం. వెలుతురుకు పెట్టిన ద్రావణంలో కొలతలు ఒకదానికొకటి పొసగకపోవడం చూసే 1937లో హార్ట్లీ ఈ వంగిన రూపాన్ని కనుక్కున్నాడని అక్క చెప్పింది. అదే తికమక ఎదురైతే ఆయన దాని వెంట పడ్డాడు, నేను దాన్ని కడిగి పారేయాలని చూశాను.

ఆ రోజు నుంచి ల్యాబులో నేను పని చేసే తీరే మారిపోయింది. దేవుడి గదిలో పెట్టుకునే ఎర్ర జీరో బల్బు ఎల్ఈడీ రకం కొని, నా బల్ల మీద తగిలించాను. ఈ అణువు ఎరుపును పీల్చుకోదు కాబట్టి ఆ వెలుగులో ఎంతసేపు పని చేసినా దానికి ఏమీ కాదు. మొత్తం ప్రాజెక్టులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ మేలు చేసినది ఆ బల్బే. మూడు కాలమ్‌ల తర్వాత నాకు మిగిలింది 5.8 గ్రాములు. అణువు నిర్మాణాన్ని చూపే ఎన్ఎంఆర్ పరీక్ష కోసం అక్టోబరు 9న బయటి కేంద్రానికి పంపితే 24న ఫలితం వచ్చింది, అణువు సరైనదేనని తేలింది.

మర్నాడు శనివారం కోఠీ వెళ్లాను. పరిశోధన సామగ్రి అమ్మేవాళ్లు 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపానికి చెప్పిన ధర విని వెనక్కి వచ్చినదాన్ని, గుజరాతీ గల్లీలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో, రాళ్లు పరీక్షించేవాళ్లు, గమ్ము ఆరబెట్టేవాళ్లు వాడే అతినీలలోహిత టార్చి 1,650 రూపాయలకు తీసుకున్నాను. దాని ముందు భాగంలో నల్లటి అద్దం ఒకటి బిగించి ఉంది. అది కంటికి కనిపించే వెలుతురును ఆపి, అతినీలలోహితాన్ని మాత్రమే వదులుతుందని దుకాణదారు చెప్పాడు. ఆ అద్దం గురించి నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. కళ్లకు రక్షణ అద్దాలు మాత్రం మరో 400 పెట్టి కొనుక్కున్నాను. అవి లేకుండా ఈ టార్చి వెలిగించవద్దని ఇది చదివేవారికి గట్టిగా చెబుతున్నాను.

ఆ సాయంత్రమే ల్యాబులో ఎర్ర బల్బు కింద, గాజు స్లయిడు మీద నా పదార్థపు పసుపురంగు పలుకులు ఆవగింజంతవి కొన్ని పెట్టి, మైక్రోస్కోపు కింద ఉంచి, పక్క నుంచి టార్చి వేశాను. మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో ఒక పలుకు అంచు మెత్తబడి, మొనదేలిన మూల గుండ్రంగా మారింది. అక్కడి నుంచి నారింజ రంగు తడి లోపలికి పాకుతూ పోయింది. పలుకు మధ్యలో ఇంకా పసుపు దిమ్మ ఒకటి తేలుతూ ఉంది, అది కూడా చిన్నదై చిన్నదై మాయమైంది. ఆరు నిమిషాలకు స్లయిడు మీద గట్టిగా ఉన్నదేదీ లేదు, తేనె చుక్కలాంటి ద్రవం మాత్రమే మిగిలింది. పక్కనే పెట్టిన థర్మోకపుల్ 31 డిగ్రీలు చూపుతోంది, అది ఈ పదార్థం వేడికి కరిగే స్థాయి కంటే చాలా తక్కువ. అంటే వేడికి కరగలేదు, వెలుతురుకే కరిగింది. నేను మేడమ్‌కు ఫోను చేస్తే, ఆదివారం సెలవైనా ఆవిడ పొద్దున్నే వచ్చి, నాతో పాటు మళ్లీ మొదటి నుంచి చూశారు.

నవంబరు నెల కొలతలతో గడిచింది. టొలుయీన్‌లో పలుచగా కరిగించి టార్చి కింద పెడితే, ఏ తరంగాన్ని ఎంత పీల్చుకుంటోందో చూపే గీతలో 345 నానోమీటర్ల దగ్గరున్న పెద్ద శిఖరం కుంగిపోయి, 440 దగ్గర చిన్న గుట్ట లేచేది. చీకట్లో ఉంచి ఆరు గంటలకొకసారి కొలిస్తే, 25 డిగ్రీల దగ్గర సుమారు 30 గంటలకు సగం తిరిగి మామూలు రూపానికి వచ్చేది. ఫ్రిజ్‌లో పెడితే వారం గడిచినా సగం కంటే ఎక్కువే మిగిలింది. ఈ కొలతల కోసం రెండు రాత్రులు ల్యాబులోనే పడుకోవలసి వచ్చింది. రాత్రి ఉండటానికి అనుమతి పత్రం మీద మూడు సంతకాలు కావాలని, మూడో సంతకం పెట్టేవారు మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తారని ముందే తెలిసి ఉంటే నాకు ఒక వారం మిగిలేది.

అసలు పరీక్ష డీఎస్‌సీ. ఎంత వేడి దాగి ఉందో జౌళ్లలో చెప్పే యంత్రం అది. మా దగ్గర లేదు. బయటి కేంద్రానికి నవంబరు 17న ఫారం ఇస్తే డిసెంబరు 11కి స్లాటు దొరికింది. నమూనాకు 900 రూపాయలు, పైన జీఎస్టీ. గడ్డకట్టిన పదార్థం మీద నేరుగా వెలుతురు వేస్తే పై పొర మాత్రమే మారుతుంది, ఎందుకంటే ఆ పై పొరే వెలుతురునంతా మింగేసి కింది పొరకు అందనీయదు. అందుకని పలుచటి ద్రావణంగా చేసి, నాలుగు గంటలు టార్చి కింద తిప్పి, ఫాయిల్ చుట్టిన రోటావ్యాప్ మీద చల్లగా ద్రావణిని తీసేసి, మిగిలిన నారింజ నూనెను చిన్న గాజు గొట్టంలో పట్టుకున్నాను. పౌనే పది బస్సు ఎక్కి, గొట్టాన్ని బ్యాగు పై అరలో, చూసుకోవడానికి వీలుగా పెట్టుకున్నాను. అక్కడ రెండు గంటలు వరండాలో కూర్చోబెట్టారు. టెక్నీషియన్ గారు ట్యూబులైటు కింద తీరిగ్గా 4 మిల్లీగ్రాములు తూచి, అల్యూమినియం పళ్లెంలో పెట్టి మూత నొక్కారు. ఫలితం గ్రాముకు 38 జౌళ్లు. లెక్క ప్రకారం పూర్తిగా వంగిన రూపమైతే 177 రావాలి. బస్సు కిటికీలోంచి పడిన ఎండ, వరండా వెలుతురు, ట్యూబులైటు కలిసి నేను నాలుగు గంటలు నింపినదాన్ని దారిలోనే ఒలకబోశాయి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. వెలుతురులో నింపినదాన్ని చీకట్లో మోయాలని అక్టోబరులోనే నాకు తెలుసు, అయినా ఆ గొట్టానికి ఫాయిల్ చుట్టడం మరిచాను.

రెండో స్లాటు జనవరి 6. ఈసారి గొట్టానికి రెండు పొరల ఫాయిల్, దాన్ని ఐసు పోసిన స్టీలు థర్మాస్‌లో, థర్మాస్‌ను నల్ల గుడ్డలో పెట్టి తీసుకెళ్లాను. నా ఎర్ర బల్బును కూడా వెంట పట్టుకెళ్లి, గదిలో లైట్లు ఆర్పి దాన్ని పెట్టుకుంటారా అని భయపడుతూనే అడిగితే, టెక్నీషియన్ గారు ఏ మాత్రం విసుక్కోకుండా ఒప్పుకున్నారు. పళ్లెం వేడెక్కుతూ పోతుంటే గీత చాలాసేపు చదునుగా సాగింది, 100 డిగ్రీల దగ్గరికి వచ్చాక మెల్లగా పైకి లేచి, పెద్ద దిబ్బలాగా వంగి, తిరిగి కిందికి దిగింది. లెక్కగడితే గ్రాముకు 148 జౌళ్లు. ఎన్ఎంఆర్‌లో వంగిన రూపం 88 శాతం ఉన్నట్టు వచ్చిన దానితో ఇది దాదాపు సరిపోయింది. ఆ గీత ప్రింటు తీయించుకుని బస్సులో దారి పొడవునా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని, ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చిన లెక్క వేశాను. నానమ్మ స్నానానికి 15 లీటర్ల నీళ్లు 15 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు రావాలంటే సుమారు 1,570 కిలోజౌళ్లు కావాలి. అంటే నా అణువు పదిన్నర కిలోలు. నా దగ్గర ఆగస్టు నుంచి కూడబెట్టినదంతా కలిపి 5.8 గ్రాములు. అది మొత్తం వదిలినా ఒక గ్లాసు నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కుతాయి. ఆ సంఖ్యను నోటుబుక్కులో రాసి, చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. దిగులు కలిగిన మాట నిజం, అయినా ఆ డిగ్రీ ఉత్తిది కాదని కూడా అనిపించింది, ఎందుకంటే ఆ పైకి లేచిన గీతను నేను కళ్లారా చూశాను.

సంక్రాంతికి జనవరి 10న ఇంటికి వెళ్లేటప్పుడు, మేడమ్ అనుమతితో, రెండు స్లయిడుల మధ్య పలుచగా పరిచి, అంచులు ఆరల్డైట్‌తో పూర్తిగా మూసేసిన నమూనా ఒకటి, ఐసు థర్మాస్‌లో పెట్టుకుని జూబ్లీ బస్ స్టేషన్‌లో బస్సెక్కాను. మర్నాడు తెల్లవారుజామున నానమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా, ఫాయిల్ విప్పి, ఆ స్లయిడుల మీద 180 రూపాయల నీలి ఎల్ఈడీ దీపం వేశాను. నారింజ ద్రవంలో ఒక మూల నుంచి సన్నని పసుపు పోగులు మొలిచి, విసనకర్రలా విచ్చుకుంటూ, రెండు నిమిషాల్లో స్లయిడంతా కమ్ముకున్నాయి. నానమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని వంగి చూసి, "చలికి నెయ్యి పేరినట్టు పేరిందే బిడ్డా" అంది. నేను ఆమె వేలిని పట్టుకుని గాజు మీద పెట్టాను. కాసేపు ఉంచి, "మరి ఉడుకైతలేదేంది?" అని అడిగింది. అంత పలుచటి పొర వదిలే వేడిని గాజే తాగేస్తుందని, వేలికి అందేంత కాదని చెప్పాను. ఆమె ఇంకో మొద్దును పొయ్యిలోకి ఎగదోస్తూ, "అయితది తీ, పొయ్యి కూడ ముందుగాల పొగనే పెడుతది" అంది. నాకు ఆ మాటతో గొంతు పట్టుకుంది.

తిరిగి వచ్చాక, జనవరి చివరి వారంలో ఆ వేలికందని వేడిని థర్మోకపుల్‌తో కొలిచాను. నింపిన పొర మీద నీలి దీపం వేస్తే ఉష్ణోగ్రత 5.2 డిగ్రీలు పెరిగింది. సంతోషపడి మేడమ్‌కు చూపిస్తే, "దీపం తన వేడి తాను ఇవ్వదా?" అని ఒక్క ప్రశ్న వేశారు. నింపని పొర మీద అదే దీపం, అంతే దూరంలో వేస్తే 1.9 డిగ్రీలు పెరిగింది. కాబట్టి అణువులది 3.3 డిగ్రీలు మాత్రమే. ఈ పోలిక లేకుండా 5.2 అని రాసి ఉంటే నేను అబద్ధం రాసినట్టయ్యేది, ఆ అబద్ధం నాకే తెలిసేది కాదు.

ఇంతవరకూ నేను నింపినదంతా కరెంటు టార్చితో. ఎండతో కాదు. అది మొదటి నుంచీ నా మనసులో ముల్లులాగా ఉంది. ఫిబ్రవరి 17న హాస్టలు డాబా మీద, పదకొండింటికి, పలుచటి ద్రావణాన్ని గాజు క్యూవెట్‌లో పోసి ఎండలో పెట్టాను. గంట తర్వాత కొలిస్తే వంగిన రూపం 24 శాతం. మూడు గంటల తర్వాత కూడా అదే 24. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎండలో అతినీలలోహితం కొద్దిపాటిది, దాని పక్కనే నీలి కాంతి దండిగా ఉంది. మొదటిది నింపుతుంటే రెండోది ఒలకబోస్తోంది. టీఎల్‌సీ ప్లేటు మీద, బస్సు కిటికీలో నన్ను ఏడిపించిన సంగతే డాబా మీద కూడా ఎదురైంది. అప్పుడు గుర్తొచ్చింది, టార్చి ముందున్న ఆ నల్లద్దం. స్క్రూడ్రైవరుతో దాన్ని ఊడదీశాను, రూపాయి బిళ్ల కంటే మరీ పెద్దది కాదు. మర్నాడు, క్యూవెట్ చుట్టూ నల్ల కాగితం చుట్టి, పైన ఆ అద్దం ఒక్కటే కిటికీగా మిగిల్చి, గ్రాములో వెయ్యోవంతులు నాలుగు మాత్రమే ఉన్న ద్రావణాన్ని, పది నుంచి మూడింటి వరకు అరగంటకోసారి కదిలిస్తూ, ఎండ జరిగినప్పుడల్లా దాని ముఖం తిప్పుతూ కూర్చున్నాను. అయిదు గంటలకు 62 శాతం. డాబా మీద బట్టలు ఆరేయడానికి వచ్చిన జూనియర్ అమ్మాయికి ఏం జరిగిందో చెప్పలేక, ఆమె చేతులు పట్టుకుని నవ్వాను.

ఆ నమూనాకు మార్చి 10న డీఎస్‌సీ స్లాటు దొరికింది. అప్పటిదాకా డిపార్ట్‌మెంట్ డీప్ ఫ్రీజరులో, మైనస్ 20 దగ్గర, ఫాయిల్‌లో ఉంచాను. గ్రాముకు 96 జౌళ్లు వచ్చింది. ఫిబ్రవరి 18 నాటి ఎండ, మార్చి 10న వేడిగా బయటికి వచ్చింది. ఆ అద్దం మీద పడిన ఎండ మొత్తంతో పోలిస్తే దాగింది పదివేల వంతుల్లో ఒక వంతు కంటే తక్కువే. ఈ లెక్కను కూడా రిపోర్టులో దాచకుండా రాశాను.

అదే ఫిబ్రవరిలో మేడమ్ ఒక కొత్త పేపరు చూపించారు. అమెరికాలో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రేస్ హాన్ బృందం, ఎండకు మన డీఎన్ఏ దెబ్బతినే తీరు నుంచి స్ఫూర్తి పొంది, పిరిమిడోన్ అనే అణువులో కిలోకు 1.6 మెగాజౌళ్ల పైన దాచగలిగింది. నేను వెంటనే వేసిన లెక్క ఒక్కటే, నానమ్మ బకెట్టుకు ఒక కిలో చాలు. అయితే దానికి నా అణువుకు కావలసిన దాని కంటే పొట్టి తరంగాలు కావాలి, అవి ఎండలో ఇంకా తక్కువ. నా నల్లద్దం కష్టం వాళ్లకూ వేరే రూపంలో ఉంటుందని చదువుతూనే అర్థమైంది.

ఖర్చు సంగతి అడిగేవారి కోసం చెబుతున్నాను. రసాయనాలు డిపార్ట్‌మెంట్ పెట్టుకుంది. టార్చి, కళ్లద్దాలు, దీపాలు, ఎన్ఎంఆర్, మూడు డీఎస్‌సీలు, బస్సు ఛార్జీలు, ఐసు, అన్నీ కలిపి నా చేతి నుంచి 7,400 రూపాయలు అయ్యాయి. అందులో మొదటి డీఎస్‌సీ డబ్బు, ఒక ఫాయిల్ ముక్క చుట్టి ఉంటే మిగిలేది. ఎనిమిది నెలల్లో నిజంగా పని జరిగిన రోజులు వందకు మించవు, మిగిలినదంతా స్లాట్ల కోసం, సంతకాల కోసం, పార్సెళ్ల కోసం ఎదురుచూపే.

మార్చి 24న వైవా అయిపోయింది. మిగిలిన 3.1 గ్రాములను ముదురు గోధుమరంగు సీసాలో పోసి, ఫాయిల్ చుట్టి, ఇదే అంశం తీసుకుంటానన్న జూనియర్ అమ్మాయికి ఎర్ర బల్బుతో, నల్లద్దంతో సహా అప్పగించాను. సీసా మీద అణువు పేరు, తేదీ, దాని కింద పెద్ద అక్షరాలతో "ట్యూబులైటు కింద మూత తీయవద్దు, రెండు చుక్కలు కనిపిస్తే భయపడవద్దు" అని రాశాను.